స్లాబు లేని దొరల ఇళ్లు

రాజన్నా,

నువ్వు చనిపోయి ఇవాళ్టికి ఏడాది. శుక్రవారం సెలవు కాబట్టి అందరం ఇక్కడ గల్ఫ్‌లో, మలాజ్‌లోని మన రూములోనే ఉన్నాం. పొద్దున రహీం భాయ్ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఇంగ్లండులో సుడిగాలి వచ్చి వరసగా ఇళ్ల పెంకులు లేపేసిందట.

నాకు అనుమానమొచ్చింది. ఈ రోజుల్లో ఫోన్లో ఏనుగునైనా ఎగరేస్తారు. ఫోను లాక్కుని, కప్పు ఊడిన చోట ఆపి, పెద్దది చేసి చూశాను. లోపలంతా కట్టె దూలాలే. స్లాబన్నదే లేదు. దూలాల అతుకులు చూస్తే అది కల్పించిన బొమ్మ కాదని నా మేస్త్రీ కన్నుకు తెలిసిపోయింది.

మీ మేనల్లుడు అక్కడ అద్దెకున్న ఇంటి కప్పు సుడిగాలికి లేచిపోయిందని నువ్వు చెప్పిన రోజు, నేనే నిన్ను ఆడుకున్నాను. "దొరల దేశంల ఇంటికి స్లాబుండదా? గీ గాలి మాటలు ఎవలికి చెప్తవే అన్నా!" అన్నాను. ఇరవై ఏళ్లుగా స్లాబులు పోసే మేస్త్రీని కదా, అందరూ నా మాటే నమ్మారు. నువ్వు పని వదిలేసి, పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని ఇంటికి పోయేదాకా నిన్ను గాలి రాజన్న అనే పిలిచారు.

అందుకే ఇవాళ నీ పేరు మీద చాయ్ పెట్టి, అందరికీ పోసి చెప్పాను.

"రాజన్న చెప్పింది నిజమేరా. తప్పు నాదే."

చాయ్‌లో ఉప్పో కారమో కలిపి నేను ఎన్నిసార్లు ఏడిపించానో నీకు తెలుసు కదా, శంకర్ కప్పు వాసన చూశాడు.

"ఉప్పేసినవా మామా, కారమా? గిప్పుడు సచ్చిపోయినాయన మీద కూడా నాటకమేనా?"

"ఒట్టురా, నిజం."

ఒక్కరూ ముట్టలేదు అన్నా. ఆరు కప్పుల చాయ్ నేనే తాగాను.