మా ఫారంలో ఆయన పెట్టిన టిక్కు

జూన్ 3, మంగళవారం
మా ఫారంలో టిక్కు నా తోడల్లుడు పెట్టాడు. నన్ను అడక్కుండా. పేరు నాది, సంతకం నాది, ఎంపిక ఆయనది. పిల్లల కోసం వెళ్తున్న కాకినాడ ఆస్పత్రిది, ఇంగ్లీషు కాగితం కదా అని నేనే చేతికిచ్చాను. అత్తారింట్లో ఎవరికి ఏ కాగితమొచ్చినా మాస్టారైన పెద్దల్లుడే నింపాలి. "మనకి మామూలు ఇక్సీ చాలు తమ్ముడూ" అన్నాడు. మనకి అంట. అదే ఆస్పత్రిలో తన ఫారంలో మాత్రం ఇమ్సీ. ఇవాళ మా ఆవిడ సునీత నోరు జారితేనే తెలిసింది. వాళ్ళక్కకి ఐదో నెల. మాది మార్చిలో నిలవలేదు.

జూన్ 4
పని దిగాక ఫోన్లో చదువుతున్నాను. పదో తరగతి తప్పినవాణ్ణి. అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చదువుతాను.
ఇక్సీ – ఒక్క వీర్యకణాన్ని చూపుతో ఏరి, గాజు సూదితో అండంలోకి ఎక్కిస్తారు.
ఇమ్సీ – సూది అదే. ఏరే ముందు కణాన్ని ఇంకా ఎన్నో రెట్లు పెద్దది చేసి, తలలో గుంటలున్నాయేమో చూస్తారు.
పిక్సీ – అండం చుట్టూ ఉండే జిగురులాంటిది పళ్ళెంలో పూస్తారు. దానికి అతుక్కున్న కణాన్నే తీస్తారు.
తేడా అంతా ఏరడంలోనే ఉంది. ఏరడం నాకు తెలీని పనా?

జూన్ 6
అంబాజీపేట కొబ్బరి కొట్టులో ఎండిన కురిడీ కాయలు ఏరుతున్నాను. పైకి నున్నగానే ఉంటుంది. చెవి దగ్గర పెట్టి ఊపితే గాని లోపల కుళ్ళిందో లేదో తెలీదు. చూపుతో ఏరితే మా షావుకారు ఊరుకోడు. నా బిడ్డని మాత్రం చూపుతో ఏరేశారు...
గోడకేసి కొట్టాను ఒకదాన్ని. "కాయ మీదేం పగరా?" అన్నాడు పక్కన ఏరుతున్న సత్యం.

జూన్ 7
కుళ్ళే. ఒప్పుకుంటున్నాను. వదిన నడుం మీద చెయ్యేసుకుని నడుస్తుంటే చూడలేను.

జూన్ 9, సోమవారం
పని మానేసి కాకినాడ వెళ్ళాను. ఒక్కణ్ణే. డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "అందరికీ ఇదే మేలని తేల్చి చెప్పలేమండి. మామూలు ఇక్సీతోనూ చాలామందికి నిలిచింది."
"మరి మాకండీ?"
రిపోర్టు తిప్పింది. నా కణాల్లో లోపల దెబ్బతిన్నవి ఎక్కువట. "మీకైతే పిక్సీ ఓసారి ఆలోచించొచ్చు. గ్యారంటీ ఇవ్వలేనండి. ఈ మాట అప్పుడే చెప్పేను కదండీ, ఫారం తెచ్చిన మీ అన్నయ్యగారికి."
చెప్పింది. ఆయనకి.
బస్సులో అమలాపురం దాకా నిలబడే వచ్చాను. సీటు ఖాళీ ఉంది.

జూన్ 11
సునీతకి పదిహేడు నుంచి మళ్ళీ ఇంజక్షన్లు. గురువారం, పంతొమ్మిదిన, కొత్త ఫారం ఇవ్వాలి. "ఇదే ఆఖరుసారండీ. నా ఒంట్లో ఇంక లేదు" అంది. తొడ మీద పాత మచ్చలు ఇంకా పోలేదు.

జూన్ 14, శనివారం
రాజోలులో తోడల్లుడింట్లో కృతజ్ఞత ప్రార్థన కూటం. ఆయన లేచి సాక్ష్యం చెప్పాడు. "మందుల వల్ల కాదండి, మోకాళ్ళ మీద ప్రార్థన వల్ల." ఆస్పత్రి మాటే లేదు.
ఒకావిడ సునీత చెయ్యి పట్టుకుంది. "నువ్వూ ఉపవాసముండమ్మా. నమ్మకం చాలకపోతే దేవుడు మాత్రం ఏం చేస్తాడు?"
"ఆయ్" అంది సునీత. తల ఎత్తలేదు.
నేను పెరట్లో బొండాలు కొడుతున్నాను. ఆయన వచ్చాడు. "లేతవేనా తమ్ముడూ?"
"మీరు టిక్కు పెట్టలేదు కదండీ. లేతవే."
బొండాం తీసుకోకుండానే వెళ్ళిపోయాడు.

జూన్ 15
సునీత – "బావగారిని ఏమీ అనకండి. అక్క వట్టిమనిషి కాదు."
తర్వాత – "మీకు బిడ్డ కావాలా, బావగారు తలొంచుకోవడం కావాలా?"
జవాబు ఇక్కడ రాస్తున్నాను... రెండూ.

జూన్ 16, సోమవారం
ఆయనకి మెసేజ్ పంపాను. మాట మారకుండా ఇక్కడా రాసుకుంటున్నాను.
"అన్నయ్యగారూ, మా రిపోర్టు గురించి డాక్టరమ్మ మీకు చెప్పిన మాట మాకు చేరలేదు. మర్చిపోయారా, దాచారా? మర్చిపోతే మర్చిపోయానని రాయండి. దాస్తే ఎందుకో రాయండి. ఈసారి ఫారం మేమిద్దరమే నింపుతాం. మీ జవాబు బుధవారం సాయంత్రం ఆరింటిలోపు రావాలి. రాకపోతే అత్తయ్యగారి ముందు, అందరూ ఉండగా అడుగుతాను."