ఏ కాగితం మీద రాయను?

గెట్నెత్ అన్నయ్యకు వెయిన్‌షెత్ నమస్కరించి రాస్తున్నది. నేను కులాసా. ఈ పరాయి దేశంలో, ఫ్రూంజెలో, మంచు మొదలైంది.

నాన్న పేరున ప్రార్థన చేయించాలని ఆదివారం ఇక్కడి రష్యన్ల చర్చికి వెళ్లాను. మన ఊరు గోందర్‌లో చర్చికి వెళ్లే అలవాటు కొద్దీ బూట్లు గుమ్మంలోనే విప్పేశాను. కొవ్వొత్తులమ్మే ముసలమ్మ గ్లాఫిరా లబలబలాడింది.

"ఓసి పిచ్చిపిల్లా, ఈ చలిలో వట్టికాళ్లేమిటే? దేవుడు నిన్ను చెప్పులిప్పమన్నాడా?"

"మోషేని ఇప్పమన్నాడుగా బామ్మా!"

నవ్వి, తన ఉన్నిబూట్లు నాకు తొడిగింది. తర్వాత రెండు కాగితాలు ముందు పెట్టింది. ఒకటి బతికున్నవాళ్లకట, ఒకటి పోయినవాళ్లకట.

"మీ నాన్న పేరు ఎందులో రాస్తావే?"

ఏ కాగితం మీదా రాయకుండానే కలం తిరిగిచ్చేశాను.

నీ ప్రతి ఉత్తరం చివరా నాన్న తన చేత్తో ఒక ముక్క రాసేవారు. ఈమధ్య వచ్చిన మూడింటిలోనూ అది లేదు. చావు కబురు ఉత్తరంలో రాయరు, మనవాళ్లు కూడి వచ్చి చెబుతారు, నాకు తెలుసు. కానీ ఇక్కడికి వచ్చి చెప్పేదెవరు? ఈ ఒక్కసారికి ఆచారం తప్పి, ఉన్నదున్నట్టు ఉత్తరంలోనే రాయి అన్నయ్యా.

బెర్బెరె కారం అయిపోయింది, ఎవరైనా వస్తుంటే పంపు. చెల్లి దగ్గు తగ్గిందా? అమ్మకు నా దండాలు. నాన్నకు ఏం రాయాలో నీ జవాబు చూశాక రాస్తాను.