దిబ్బకి సిమెంటు

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాపాడమంటూ నీ బడిపిల్లలతో ఊరేగింపు తీశావే, ఆ బౌద్ధ దిబ్బని పార్కు చేసి నిన్న తెరిచారు. టిక్కెట్టు కొనుక్కుని వెళ్లాను. కుక్కపిల్ల అడుగు పడిన పాత ఇటుకని పిల్లల చేత తాకించేదానివి కదా, అది కనిపించలేదు. దిబ్బ మొత్తానికి సిమెంటు పూసి ఎర్రరంగు కొట్టారు.

"ఎవరు పూయమన్నారండీ?" అని కాంట్రాక్టరు మీదకి వెళ్లాను.

"పాతబడిపోయిందని మేమే పూయించామండి. మీ అక్కగారుంటే ఎంత సంతోషించేవారో!" అన్నాడు. నిజంగానే నమ్ముతున్నాడు. కాలరు పట్టుకున్నాను. నలుగురు కలిసి నన్నే గేటు బయటికి నెట్టారు.

తిరిగొస్తూ సూర్రావుగారి గొడ్లచావిడి దగ్గర ఆగాను. దిబ్బ ఇటుకలు ఎత్తుకెళ్లి గోడ కట్టుకున్నాడని, పోయేదాకా నువ్వాయనతో మాట్లాడలేదు. ఊళ్లో ఇప్పుడు కంటికి కనిపించే ఆనాటి ఇటుకలు అవొక్కటేనక్కా.