మీరే గెలిచారు, ఆంటీ

నోవై, మిషిగన్
2013 నవంబర్ 9, శనివారం

సౌభాగ్యవతి రేణుకి,

సుధ రాయునది. ఇక్కడ నేను, రవికాంత్, పిల్లలు, మా అత్తగారు అందరం బాగున్నాం. అక్కడ నువ్వు, కృష్ణమోహన్ గారు, అవని కులాసాగా ఉన్నారనుకుంటాను. పెద్దవాళ్ళ ఉత్తరంలా ఇదేం మొదలెట్టడమని నవ్వుకుంటావేమో. "ఏమే రేణూ" అని మొదలుపెట్టి రెండు కాగితాలు చింపేశాను. ఆ పిలుపు రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది.

అవని అరంగేట్రం కార్డు అందింది. మా సోఫా మీద గెంతి పాలపన్ను ఊడగొట్టుకున్న పిల్ల అప్పుడే అంతదయిందా అని మురిసిపోయాను. తర్వాత కార్డు వెనక్కి తిప్పాను. నీ చేతిరాత. "ఆంటీ వచ్చారని తెలిసింది. తప్పకుండా తీసుకురా. ప్రోగ్రాం అయ్యాక మా బేస్‌మెంట్‌లో టేబుల్ వేద్దాం. ఆంటీకి ఒక రీమ్యాచ్ ఇవ్వాలి!" అని రాసి, పక్కన ఒక నవ్వు మొహం గీశావు.

ఆ నవ్వు మొహం గీయకపోయి ఉంటే నేను మర్యాదగా "రాలేకపోతున్నాం" అని ఈమెయిల్ ఇచ్చి ఊరుకునేదాన్ని.

ఇంకో సంగతి కూడా నా చెవిన పడింది. మన హాస్టల్ రజిని వేసవిలో మీ ఊరి పక్క అరోరా గుడికి వచ్చి, మీ ఇంట్లో భోజనం చేసి వెళ్ళింది కదా. నువ్వు పదిమందిలో మా అత్తగారి కథ చెప్పావట. "సుధ వాళ్ళ అత్తగారు పేకాట చిప్స్‌ని రెండు చేతులా వాటేసుకున్నరు, అప్పుడు ఆమె మొహం చూడాలె" అన్నావట. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారట. రజిని కూడా నవ్వుతూనే చెప్పింది. తను నవ్వుతున్నది మా అత్తగారి గురించేనని దానికి చివర్లో గుర్తొచ్చింది.

నువ్వు చెప్పే కథ నీకు గుర్తుంది. నాకు గుర్తున్నది నేను రాస్తాను.

2007 చలికాలంలో ఆవిడ మొదటిసారి వచ్చారు. మామగారు పోయి అప్పటికి ఏడాది. కిటికీ అంచుల దాకా మంచు. మేమిద్దరం ఆఫీసులకి పోతే పలకరించే దిక్కు లేదు. రాజమండ్రి ట్రెజరీ ఆఫీసులో పాతికమంది మధ్య పనిచేసి రిటైరైన మనిషి, ఇక్కడ డిష్‌వాషర్ చప్పుడు వింటూ కూర్చునేవారు. శుక్రవారం సాయంత్రాలు నువ్వూ, కృష్ణమోహన్ గారూ, రవికాంత్ కొలీగ్ ఫణికుమార్ వస్తే ఆవిడ మొహంలో వెలుగొచ్చేది. బజ్జీల పళ్ళెం పట్టుకుని బేస్‌మెంట్‌లోకి దిగి, మన పోకర్ పేకాట చూస్తూ నా కుర్చీ వెనక నిలబడేవారు. మామగారితో రోజూ భోజనాలయ్యాక రమ్మీ ఆడిన చేతులు కదా.

కుర్చీ లాగి వేసింది నువ్వే. "నిలబడుడెందుకు ఆంటీ, కూర్చోండి, నేను నేర్పిస్తా" అన్నావు. ఆ మాట నేను మరచిపోలేదు, మరచిపోను. మా చిన్నాడు పుట్టినప్పుడు రవికాంత్ ఊళ్ళో లేకపోతే, ఆ మంచులో నన్ను హాస్పిటల్‌కి డ్రైవ్ చేసింది కూడా నువ్వే. అది కూడా మరచిపోను. అందుకే నీమీద కోపం ఇంత కాలం నిలిచింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు చేసి ఉంటే ఆ వారంలోనే పోయేది.

ఆట కంటే ముందు నువ్వు ఆవిడకి మర్యాదలు నేర్పావు. నువ్వు కేసినోలో అపరిచితుల మధ్య కూర్చుని ఆడినదానివి, మా అందరికీ నీ మాటే చట్టం. తన వంతు రాకుండా ఆట వదిలేసి ముక్కలు పడేయకూడదన్నావు. ఆట నడుస్తుండగా ముక్కల గురించి నోరు విప్పకూడదన్నావు. ఒకసారి ఫణికుమార్ గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని, ఓడిపోయినట్టు కాసేపు నటించి నన్ను ఊరించాడు. నీకెంత కోపం వచ్చిందో! "దీన్ని స్లోరోల్ అంటరు. ఏ రూల్ బుక్‌లో తప్పని ఉండదు. కానీ ఇట్ల చేసేటోనితో నేను మళ్ళ టేబుల్ మీద కూర్చోను" అన్నావు. పాపం ఫణి సారీ చెప్పాడు. మా అత్తగారు ఆ రోజు వంటింట్లో నాతో, "ఈ అమ్మాయి ఆటని ఎంత శుద్ధంగా చూస్తుందే" అన్నారు.

ఆ తర్వాతే ఆ బ్లఫ్. ఆవిడ చేతిలో ఏమీ లేదు. అయినా పందెం బిళ్ళలు, ఆ చిప్స్, దండిగా ముందుకు నెట్టారు. నువ్వు చాలాసేపు ఆలోచించి మంచి ముక్కలు పడేశావు. అలా చూపిస్తే ఎత్తిపొడిచినట్టని ఆవిడకి తెలియక, ముచ్చటగా తన ముక్కలు తిప్పి చూపించి, "ఏమీ లేదమ్మా, ఊరికే భయపెట్టాను" అన్నారు. మేం నవ్వాం. అందరికంటే ఎక్కువ నవ్వింది మీ ఆయనే. తర్వాత రెండు శుక్రవారాలూ అదే మాట. "మా మేడం డెట్రాయిట్‌లో తెల్లోళ్ళని గెలుస్తది, రాజమండ్రి ఆంటీ దగ్గర మాత్రం ఖతం!" నువ్వూ నవ్వేదానివి. నీ చెవులు ఎర్రబడడం నేను చూశాను. హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్ళం, నీ చెవులు నాకు తెలియవా.

ఇక ఆ రోజు.

మిగతావాళ్ళం ముక్కలు పడేశాం. మీరిద్దరే మిగిలారు. మధ్యలో అందరికీ కలిపి పరిచిన ఐదింటిలో ఒక రాజు ఉంది, మూడు ఇస్పేట్లున్నాయి. ఆవిడ చేతిలో ఇంకో రెండు రాజులు. పక్క కుర్చీలో నేను వెనక్కి వాలితే కనిపించాయి. నువ్వు నీ చిప్స్ అన్నీ ముందుకు నెట్టావు. ఆవిడ కాసేపు ఆలోచించి, తనవీ నెట్టి, "చూపించమ్మా" అన్నారు.

నువ్వు నిట్టూర్చావు. కుర్చీలో వెనక్కి జారబడ్డావు. "మీరే గెలిచారు, ఆంటీ. నా దగ్గర ఏం లేదు" అన్నావు.

ఆవిడ తన ముక్కలు తిప్పారు. "అబ్బ, మూడు రాజులా! తీసుకోండి ఆంటీ, అన్నీ మీవే" అన్నావు. ఆవిడ రెండు చేతులూ చాచి చిప్స్ చుట్టూ వేశారు. అప్పుడు నువ్వు ఒక ముక్క తిప్పావు. ఇస్పేటు. కాసేపాగి రెండోది. ఇస్పేటు. "సారీ ఆంటీ, ఐదూ ఒకటే రంగు. రాజుల కంటే పెద్దది" అన్నావు.

కృష్ణమోహన్ గారు బల్ల చరిచారు. ఫణి ఈల వేశాడు. నా మొగుడు, ఆవిడ కన్నకొడుకు, వాడూ నవ్వాడు. ఆవిడ చేతులు ఇంకా చిప్స్ చుట్టూనే ఉన్నాయి. ఆ చేతుల్ని ఎలా వెనక్కి తీసుకోవాలో తెలియనట్టు చూశారు. తర్వాత ఆవిడ కూడా నవ్వి, చిప్స్ నీవైపు జరిపి, ఒలికిపోయిన నాలుగు ఏరి మరీ నీ కుప్పలో పెట్టారు.

అలా ఎందుకు చేశావని వంటింట్లో నిన్ను అడిగాను. గుర్తుందా నీ జవాబు? "ఏందే సుధా, ఏ రూల్ బ్రేక్ చేసిన చెప్పు? పేకాటలో అబద్ధం ఆడొద్దంటే ఎట్ల? మీ అత్తగారు నన్ను బ్లఫ్ చేసినప్పుడు అది కూడా అబద్ధమే గద" అన్నావు. దానికి జవాబు ఇప్పుడు రాస్తున్నాను. పందెం నడుస్తుండగా భయపెట్టడం ఆట. పందెం అయిపోయాక నువ్వు గెలవడానికి ఇంకేం మిగల్లేదు రేణూ. గెలుపు అప్పటికే నీ చేతిలో ఉంది. నీకు కావలసింది పెద్దావిడ చేతులు అలా చాచి ఉండడం. అదీ నలుగురి ముందూ. ఏ పని చేసేవాళ్ళతో మళ్ళీ కూర్చోనన్నావో, ఆ పనే తెలిసి చేశావు.

మరుసటి శుక్రవారం ఆవిడ కిందికి వచ్చి, బజ్జీలు పెట్టి, పైకి వెళ్ళిపోయారు. కూర్చోరేమని ఫణి అడిగితే మోకాలు నొప్పి అన్నారు. మెట్లు దిగి ఎక్కగలిగిన మోకాలు కుర్చీలో కూర్చుంటే ఎందుకు నొప్పి పెడుతుందని ఎవరూ అడగలేదు. నువ్వు ముక్కలు పంచుతూ తల కూడా ఎత్తలేదు. రవికాంత్‌ని అడిగితే, "అమ్మే లైట్‌గా తీసుకుంది, నీకెందుకే" అన్నాడు. ఆ మాటకి మేమిద్దరం చాలా రోజులు మాట్లాడుకోలేదు.

అత్తగారు ఇండియా వెళ్ళేదాకా ఓర్చుకుని, ఆ తర్వాత ఆట మానిపించాను. టేబుల్ గరాజ్ సేల్‌లో అమ్మేశాను. అప్పటికే కార్ల కంపెనీల్లో లేఆఫ్‌లు మొదలయ్యాయి. ఫణి టెక్సస్ వెళ్ళాడు, మీరు నేపర్‌విల్ వెళ్ళారు. అందరూ ఉద్యోగాల వల్లే విడిపోయాం అనుకున్నారు. నేనూ అలాగే చెబుతూ వచ్చాను.

ఈసారి ఆవిడ వచ్చి రెండు నెలలైంది. కార్డు చూసి, "చిన్నపిల్ల నాట్యం, వెళ్దాం, నాకు పట్టుచీర ఇస్త్రీ చేయించు" అంటున్నారు. నేనే తీసుకురావడం లేదు. అవనికి నా ఆశీస్సులు. దాని కోసం చిన్న గొలుసు ఒకటి విడిగా పోస్ట్ చేస్తున్నాను. అది పిల్లకి, నీకు కాదు. రీమ్యాచ్ సంగతి మాత్రం మళ్ళీ ఎత్తకు. ఆ కథ పదిమందిలో చెప్పకు. చెప్పాలనిపిస్తే అందులో నీ మాటలు కూడా ఉన్నవి ఉన్నట్టు చెప్పు.

కృష్ణమోహన్ గారికి నమస్కారాలు.

ఇట్లు,
ఒకప్పటి నీ రూమ్మేట్,
సుధ

తా.క.: ఉత్తరం మడుస్తుంటే అత్తగారు వచ్చి కూర్చున్నారు. ఎవరికని అడిగితే దాచలేక చదివి వినిపించాను. అంతా విని, "నేను మోసపోయాననుకున్నావా ఇన్నాళ్ళూ?" అన్నారు.

ఆ రోజు నువ్వు చిప్స్ నెట్టాక టీ కప్పు కోసం పక్కకి వంగావట. నీ చేతిలో ముక్కలు ఆవిడవైపు తిరిగాయట. రెండూ ఇస్పేట్లని ఆవిడ చూశారు. మూడు రాజులు పెట్టుకుని ఆడాలని అప్పటికే నిశ్చయించుకున్నారట. "చూశాక మానేస్తే దొంగచూపుతో ఆడినట్టే కదమ్మా. చూడకపోతే ఏం చేసేదాన్నో అదే చేశాను. చూశానని చెబుదామంటే, ఆట మధ్యలో ముక్కల ఊసు ఎత్తొద్దని ఆ పిల్లే నేర్పింది" అన్నారు. చూశానన్నది మనసులో పెట్టుకుని మళ్ళీ నీ ఎదురుగా ఆడలేకే మోకాలు నొప్పి అన్నారట.

మరి "మీరే గెలిచారు" అని నువ్వన్నప్పుడు అది అబద్ధమని తెలుసు కదా, చేతులెందుకు చాచారు అని అడిగాను. నీకు రాయొద్దని రెండుసార్లు చెప్పి, అప్పుడు చెప్పారు.

"కాదంటే అందరి ముందూ ఆ పిల్ల పరువు పోతుంది. చెయ్యి చాస్తే 'ఆగండి ఆంటీ' అంటుందేమో అనుకున్నాను. అందుకే మెల్లగా చాచాను."