ఫస్ట్ బెంచీకి ప్రవేశం లేదు

మార్చి 3, మంగళవారం

ఈరోజు వర్క్‌షాప్ అదిరింది. పీహెచ్‌డీ వాళ్లకి టైమ్ మేనేజ్‌మెంట్. కుర్చీలు చాలక కిటికీ గట్టు మీద కూడా కూర్చున్నారు. సగంమంది బిస్కెట్ల కోసం వస్తారని మా డైరెక్టర్ గారి అనుమానం. రానివ్వండి! తింటూ విన్నా చెవికెక్కాల్సింది ఎక్కుతుంది.

ఫస్ట్ బెంచీ ఎప్పట్లాగే అందరికన్నా ముందొచ్చాడు. అసలు పేరు వేరే ఉంది గానీ నాకు వాడు ఫస్ట్ బెంచీయే. ఉప్పు పట్టిన నేలల మీద ఆరేళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. ప్రొజెక్టర్ కేబుల్ పెడతాడు, వెనకవాళ్లకి మైక్ అందిస్తాడు, నేను జోకేస్తే అందరికన్నా ముందు నవ్వుతాడు. ఇదే వర్క్‌షాప్‌కి రావడం నాలుగోసారి! ఇలాంటివాళ్లు ఇంకొందరుంటే చాలు, నా ఉద్యోగానికి వంక పెట్టేవాళ్లుండరు.

కొత్త పోస్టర్ మీద వాడి ఫొటోనే వేయిస్తున్నాను.

మార్చి 5, గురువారం

పోస్టర్ వచ్చింది. మా ఆయన చూసి, పాపం ఇతన్ని ఎవరైనా కుర్చీకి కట్టేశారా అన్నాడు. ఈయనకి పోస్టర్ల గురించి ఏం తెలుసు!

మార్చి 9, సోమవారం

నా గాలి మొత్తం తీసేశారు.

ఫస్ట్ బెంచీ గైడ్ గారు నా గదికి వచ్చారు. పొగడటానికే అనుకుని కాఫీ తెప్పించాను. ఆవిడ కప్పు ముట్టుకోలేదు. పోస్టర్ వైపు వేలు చూపించి, ఈ మహానుభావుడికి నెలాఖరుతో గడువు అయిపోతోంది తెలుసా అన్నారు. ఇవ్వాల్సిన పొడిగింపులన్నీ ఇచ్చేశారట. ముప్పై ఒకటో తారీకు లోపల థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఆరేళ్ల చాకిరీ మట్టిలో కలిసినట్టే. ప్రయోగాలన్నీ ఎప్పుడో అయిపోయాయట, రాయడమే మిగిలిందట. ఎప్పుడు ఫోన్ చేసినా వర్క్‌షాప్‌లో ఉన్నాను మేడమ్ అంటాడట.

థీసిస్ రాయడం ఎలా అని నువ్వు పెట్టినవాటికి కూడా అన్నింటికీ వచ్చాడు కదా, ఒక్క చాప్టరైనా రాశావా అని ఎప్పుడైనా అడిగావా అమ్మా, అన్నారు.

అడగలేదు. తల కొట్టేసినట్టయింది. రాయకుండా తప్పించుకోవడానికి వాడికి నా హాలు దొరికింది. నేనేమో కుర్చీ వేసి, బిస్కెట్లు పెట్టి, పైగా సర్టిఫికెట్ ఇచ్చి మరీ దాచాను. ఇంతకాలం మురిసిపోయింది దీనికా! నా మొహం.

మార్చి 10, మంగళవారం

గుమ్మం దగ్గరే ఆపేశాను. థీసిస్ ఇచ్చేదాకా ఈ హాల్లో అడుగు పెట్టొద్దన్నాను. జోకనుకుని నవ్వాడు. కాదని తెలిశాక మొహం చిన్నబోయింది. ఈరోజు స్ట్రెస్ తగ్గించుకోవడం గురించి కదా మేడమ్, నాకు చాలా స్ట్రెస్‌గా ఉంది, అన్నాడు.

నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగి తలుపేశాను. స్టూడెంట్లకి అండగా ఉండమని జీతమిస్తుంటే ఉన్న ఒక్క బుద్ధిమంతుణ్ణి బయటికి గెంటాను. ప్రొజెక్టర్ కేబుల్ ఎలా పెట్టాలో కూడా తెలియలేదు. ఎప్పుడూ వాడే పెట్టేవాడు.

మార్చి 12, గురువారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అన్నం సయించలేదు.

మార్చి 17, మంగళవారం

ఈరోజు సీవీ రాయడం. అందరికీ ఒక ఎక్సర్‌సైజ్ ఇచ్చి, చార్టు కాగితాల కోసం వేదిక వెనక తలుపు తీశాను. అవతల మెట్లు. మెట్ల మీద వీడు! గోడకి ఆనుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని.

ఒళ్లు మండిపోయింది. లోపలికి రావొద్దంటే దొడ్డిదారి పట్టావా అని కడిగేశాను. వాడు కంగారుగా స్క్రీన్ నా వైపు తిప్పాడు. మూడో చాప్టర్. మొదటి రెండూ అయిపోయాయట. రాయమన్నాను గానీ ఇలా మెట్ల మీద కాదు కదరా అన్నాను. అప్పుడు చెప్పాడు. హాస్టల్ గదిలో ఒక్కడే కూర్చుంటే భయమేస్తుందట, ఈ ఆరేళ్లూ వచ్చి మీద కూర్చున్నట్టు ఉంటుందట. ఇక్కడ గోడ అవతల నేను మాట్లాడుతూంటే ఇంట్లో మనుషులు తిరుగుతున్నట్టు ఉంటుందట, చేతులు వాటంతటవే ఆడతాయట. మాటలు వింటున్నావా అని అడిగాను. ఒక్క ముక్క కూడా వినట్లేదు మేడమ్, అన్నాడు. ఎంత నమ్మకంగా చెప్పాడో!

మెట్లు సరే, హాలు మాత్రం వద్దన్నాను. తల ఊపాడు. కాస్త గట్టిగా మాట్లాడండి మేడమ్, వెనక సరిగ్గా వినిపించట్లేదు, అని కూడా అన్నాడు.

మార్చి 24, మంగళవారం

వారం రోజులుగా రోజుకో వర్క్‌షాప్ పెడుతున్నాను. ఈమెయిల్ రాయడం ఎలా, కమిటీ ముందు నిలబడటం ఎలా, చివరికి వద్దని మర్యాదగా చెప్పడం ఎలా. డైరెక్టర్ గారు, ఏమైందమ్మా, ఈ స్పీడేంటి అన్నారు. డిమాండ్ ఉందండీ అన్నాను. అబద్ధం కాదు.

నాలుగో చాప్టర్ అయిపోయింది. ఇంకొకటుంది.

మార్చి 29, ఆదివారం

పొద్దున్నే వాడి మెసేజ్. ముగింపు కదలట్లేదు మేడమ్, ఈరోజు హాలు ఉండదు కదా, అని. అంతే. ఇంకేం అడగలేదు.

వచ్చి మెట్ల మీద కూర్చో అని జవాబు పెట్టి, తాళాలు తీసుకుని బయల్దేరాను. మా ఆయన ఎక్కడికీ అన్నాడు. వర్క్‌షాప్ అన్నాను. ఆదివారం ఎవరొస్తారు అన్నాడు. ఎవరూ రారు అన్నాను. ఒకసారి నా మొహం చూసి చెప్పులేసుకుని తనూ వచ్చాడు.

ఖాళీ కుర్చీలు. చివరి వరసలో మా ఆయన. మైక్ ఆన్ చేసి మొదలుపెట్టాను. ఇంటర్వ్యూలు చెప్పాను, సీవీ చెప్పాను, నోట్స్ ఎలా తీసుకోవాలో చెప్పాను. మా ఆయన చెయ్యెత్తి, మేడమ్, బిస్కెట్లు ఎప్పుడిస్తారు అని అడిగాడు. కాసేపటికి నిద్రపోయాడు. ఆపి నీళ్లు తాగుతుంటే వెనక తలుపు మీద చిన్నగా టకటక. వెంటనే మైక్ అందుకున్నాను. పాఠాలన్నీ అయిపోయాయి. మంటలు వస్తే ఏం చెయ్యాలో గోడ మీద బోర్డు ఉంటే అది చదివాను. తర్వాత మా అత్తగారి మోకాళ్ల గురించి, మా అమ్మాయి గణితం గురించి, పక్కింటివాళ్ల కుక్క గురించి చెప్పాను. సిగ్గేమీ అనిపించలేదు. నా జీవితంలో ఇంత శ్రద్ధగా ఏ క్లాసూ తీసుకోలేదు.

వెలుతురు తగ్గేదాకా మాట్లాడాను.

మార్చి 31, మంగళవారం

గొంతు పూర్తిగా పోయింది. ఇంట్లోనే ఉన్నాను. మధ్యాహ్నం గైడ్ గారు ఫోన్ చేసి, ఇచ్చేశాడమ్మా, ఇప్పుడే రసీదు చూశాను, అన్నారు. నేను నోరు తెరిస్తే గాలే వచ్చింది. ఆవిడ హలో హలో అంటున్నారు. మా ఆయన ఫోన్ లాక్కుని, వింటోందండీ, ఏడుస్తోంది, మంచి ఏడుపే, అని చెప్పాడు.