ఆయన పేరు

జులై 7, సోమవారం

చిక్కడపల్లి దవాఖానకు వెళ్లాను. నాలుగో నెల. పోయినసారి ఆరో నెలలో బిడ్డ పోయింది. అప్పుడు ఒక్క స్కానింగ్ కూడా కాలేదు. ఈసారి ముందే కార్డు రాయించుకోవాలనుకున్నాను.

కంప్యూటర్ దగ్గరున్నతను భర్త పేరు అడిగాడు. నాకు నోరు రాలేదు. పెనిమిటి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పింది. ఆయన సిటీ బయట సైట్‌లో పదకొండో అంతస్తు మీద సెంట్రింగ్ పని చేస్తాడు. నా ఆధార్‌లో నాన్న పేరే ఉంది, మక్తల్ దగ్గరి మా ఊరి అడ్రసే ఉంది.

మొగుని పేరు మర్చిపోయినవా ఏంది, జర జల్ది చెప్పు అన్నాడు. వెనక ఒకామె, గింత సిగ్గున్నదానికి కడుపెట్లొచ్చిందే అంది. అందరూ నవ్వారు.

వచ్చేశాను.

జులై 8

ఏడింటికి ఆయన ఫోన్ చేశాడు. రోజూ ఏడింటికే. దవాఖాన సంగతి నేను చెప్పలేదు.

జులై 13, ఆదివారం

ఆయన వచ్చాడు. పదిహేను రోజులకొకసారి వస్తాడు. రేపు నాతో దవాఖానకు రమ్మన్నాను. సోమవారం పనికి పోకుంటే మేస్త్రీ తీసేస్తడే అన్నాడు. ఆదివారం దవాఖాన ఉండదు. పేరు సంగతి చెబితే పడిపడి నవ్వాడు. చెప్పు పో, నేనేం కింద పడ అన్నాడు. ఆ మాట అనొద్దని నోటికి చెయ్యి అడ్డం పెట్టాను.

నాలుగింటికే బస్సెక్కాడు. దుప్పటిలో సిమెంటు వాసన ఉంది. ఉతకను.

జులై 16

అశోక్‌నగర్‌లో నేను గిన్నెలు తోమే ఇల్లు విద్యావతమ్మది. వాళ్ల కూతురు సంయుక్తక్క నారాయణగూడ కాలేజీలో చదువుతుంది. ఈ పాత డైరీ తనిచ్చిందే. ప్రభుత్వ దవాఖానల మీద సర్వే చేస్తోంది. నన్నూ అడిగింది. అన్నీ చెప్పేశాను. ఇంత మాట్లాడడం నాకే వింతగా ఉంది.

అక్క రాయడం ఆపేసింది. ఆడోళ్ల లెక్క వేరే తీస్తరు, కూలోళ్లది వేరే, వలసొచ్చినోళ్లది వేరే, నువ్వు అన్నిట్ల ఉన్నవు మంగా, అందుకే ఏ లెక్కల కనపడవు అంది. దవాఖానలో కడుపుతో ఉన్నవాళ్లకు కార్డు రాసేది సోమవారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు. నా మూడిళ్ల పనీ అప్పుడే. అదీ రాసుకుంది. భర్త పేరు అడగకుండానే కార్డు ఇవ్వాలని రిపోర్టులో పెడుతుందట.

రిపోర్టు ఎప్పుడొస్తుందని అడిగాను. వచ్చే ఏడు.

నా బిడ్డకు అంత టైం లేదు.

జులై 20

రాస్తే పలికినట్టా? అమ్మకు చదువు రాదు. అందుకే రాయడం గురించి ఏమీ చెప్పలేదు. నేను ఐదు చదివాను.

జులై 21, సోమవారం

రెండిళ్ల పని మానేశాను. ఈ డైరీలోంచి ఒక కాగితం చింపి, ఆయన పేరు రాసి, మడిచి దవాఖానలో కంప్యూటర్ అతనికి ఇచ్చాను. అతను విప్పి చూసి, రాయొస్తదని ముందే చెప్పొద్దా అమ్మా అన్నాడు. ముందు నాకు కాగితం ఎవరిచ్చారు?

కార్డు వచ్చింది. గురువారం స్కానింగ్.

ఇంటికి వచ్చినప్పటి నుంచి గాలి. రేకులు కొట్టుకుంటున్నాయి. పదకొండో అంతస్తులో ఎంత గాలి ఉంటుందో.

సాయంత్రం 7

మోగలేదు.

7.10

మోగలేదు. ఆ కాగితం వెనక్కి అడిగి తెచ్చుకోవాల్సింది.

7.25

మోగింది. ఏందే, గట్ల ఏడుస్తున్నవ్ అన్నాడు.

నగేష్. నగేష్. నగేష్.