మధ్యలో ఎవరూ లేని బొమ్మ

జూన్ 3
కొత్త పని. లైబ్రరీలో పన్నెండడుగుల గోడ. దాని మీద డీసెంట్రలైజ్డ్ సోషల్ నెట్‌వర్క్ బొమ్మ వేయాలి. ఒకే కంపెనీ గుప్పిట్లో ఉండేది కాదు. ఎవరి సర్వర్ వాళ్లు నడుపుకుంటారు, అయినా ఒకరి మాట ఇంకొకరికి అందుతుంది. సర్వర్‌కో చుక్క, ఫాలో అయితే గీత. ఓస్ ఇంతేనా, వారంలో పూర్తి చేస్తానని బాస్‌కి మాటిచ్చేశాను. నా నోటికి తాళం ఉండదు.

జూన్ 5
ఇంతే కాదు. ఏ చుక్కని మధ్యలో పెడితే అదే రాజుగారిలా కనిపిస్తోంది. నెట్‌వర్క్‌లో రాజు లేడు, కాగితానికి మాత్రం మధ్య ఉంది! చివరికి అక్కడ ఖాళీ వదిలి చూపించాను. ఆ ఖాళీలో లోగో పెడదామా అని బాస్ అడిగారు.

జూన్ 6
అక్కని అడగాలనిపించింది. పాత రేడియోలు బాగుచేస్తుంది, ఎంత చిక్కుపడ్డ వైర్లలోనైనా కొస పట్టుకుంటుంది. కానీ మా మధ్య మాటల్లేక రెండేళ్లు.

ఇదే నెట్‌వర్క్‌లో నాకూ ఒక అకౌంట్ ఉంది, అక్క కూడా మా సర్వర్‌లోనే ఉండేది. అక్కడ ఎవరూ రూల్స్ దాటకుండా చూసే మోడరేటర్‌ని నేను. ఒక కస్టమర్‌తో గొడవపడి అతని ఫోన్ నంబర్ అందరికీ కనిపించేలా పెట్టింది. తీసెయ్యమన్నాను, తియ్యనంది. అకౌంట్ ఆపేశాను. వేలు పట్టి నడిపించిన నాకే రూల్స్ చెప్తావా అని ఫోన్ పెట్టేసింది. సొంత అక్కనే గెంటేస్తావా అని అమ్మ కూడా దులిపేసింది. నేను చేసింది తప్పు కాదు. అయినా బాధగానే ఉంది.

జూన్ 9, ఉదయం 11
మధ్య సంగతి వదిలేశాను. ప్రతి గీతనీ స్ప్రింగ్ అనుకోమని ప్రోగ్రామ్‌కి చెప్పాను. గీత ఉన్నవి దగ్గరికి లాక్కుంటాయి, లేనివి తోసుకుంటాయి. చుక్కలు వాటి చోటు అవే వెతుక్కున్నాయి. భలే! నోరెళ్లబెట్టి అరగంట చూశాను. కాఫీ చల్లారిపోయింది.

సాయంత్రం 4
ఈగలు ముసిరినట్టుందన్నారు బాస్. పదిమంది కంటే తక్కువున్న సర్వర్లన్నీ తీసేశాను. ఎంత శుభ్రంగా వచ్చిందో.

జూన్ 10
మా ఆఫీసులో డేటా చూసే అమ్మాయికి మేం పెట్టిన పేరు ‘అనుమానం’. వచ్చి, ఎన్ని తీశావని అడిగింది. లెక్క చూస్తే పదిహేను వందల్లో పదకొండు వందలు. నాలుగు పెద్ద సర్వర్లే కళ్లకి కొడుతున్నాయి. ఇంకా దీన్ని డీసెంట్రలైజ్డ్ అనడం దేనికి, నలుగురు పెద్దమనుషులు అని రాసెయ్ అంది. తల కొట్టేసినట్టయింది. అన్నీ తిరిగి పెట్టాను. పోతూ పోతూ, గీతలకి బాణాలు లేవేం, ఎవరు ఎవర్ని ఫాలో అవుతున్నారో ఎలా తెలుస్తుందని ఇంకో మెలిక పెట్టింది.

జూన్ 11
బాణాలు పెట్టాను. సరదాకి మా సర్వర్ చుట్టూ జూమ్ చేశాను. బొమ్మ అంచున ఒక చుక్క. నిన్నటిదాకా తీసిపారేసిన వాటిలోదే. జనాభా ఒకరు. ఒకే గీత, బాణం మా సర్వర్ వైపు. ఒక మనిషి పనిగట్టుకుని సొంత సర్వర్ పెట్టుకుని, ఒకే ఒక్కరిని ఫాలో అవుతున్నారన్నమాట! ఎవరబ్బా ఆ అదృష్టవంతులని చూస్తే, నేనే.

ప్రొఫైల్ తెరిచాను. పేరు లేదు. ఫొటోలో విప్పిన రేడియో, దాన్ని పట్టుకున్న బొటనవేలు, వేలి మీద పాత కాలిన మచ్చ. ఆ వేలు నాకు తెలుసు.

సర్వర్ ఎప్పుడు మొదలైందో చూశాను. నేను అకౌంట్ ఆపేసిన మర్నాడే. రెండేళ్లుగా నా చెత్త జోకులన్నీ చదువుతూ కూర్చుంది, మొండిఘటం. నవ్వొచ్చింది. తర్వాత బాగా ఏడ్చాను.

జూన్ 12
ఫాలో నొక్కడానికి గంట పట్టింది. అవతలివాళ్లు ఒప్పుకోవాలట. రిక్వెస్ట్ వెళ్లింది.

జూన్ 13
ఉలుకూ లేదు, పలుకూ లేదు.

జూన్ 16
బొమ్మ పోస్ట్ చేశాను. ఏ రోజు, ఏ లైబ్రరీ, ఏ గోడ, అన్నీ రాశాను. అందరి కోసం అన్నట్టు రాశాను గానీ, ఒక్కరి కోసమే.

జూన్ 20
అక్క వచ్చింది. గోడంతా చూసి, నన్నింత అంచుకి తోసేశావేమే అంది. నేను కాదు, ప్రోగ్రామ్ అనబోయి, సారీ అన్నాను.